తేరుకునే నీళ్లు

పొద్దున్నే మాదాపూర్‌లోని ఆ సందులోకి నీళ్ల ట్యాంకర్ వెనక్కి వెనక్కి వచ్చి అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగేది. వాచ్‌మన్ పోచయ్య పైపు లాగి సంపులోకి వదిలేవాడు. వాడేసిన టీ పొడిని మళ్లీ మరిగిస్తే వచ్చే రంగు. ఆరని గుడ్డ ముక్క వాసన. ఆ నీళ్లే మోటారెక్కి పై ట్యాంకులోకీ, అక్కణ్ణుంచి కుళాయిల్లోకీ వచ్చేవి. ప్రతి ఇంట్లోనూ బకెట్లూ డ్రమ్ములూ నింపుకుని, ఇంటిల్లిపాదిలో కాస్త కుదురైన మనిషి ఎవరైతే వాళ్లు వాటి ముందు కూర్చునేవాళ్లు. మనసు నిలిచిన మనిషి ముందు నీళ్లు తేరుకునేవి. మడ్డి అడుక్కి దిగిపోయి, వాసన విరిగి, పైన అద్దంలాంటి నీళ్లు తేలేవి. అప్పుడు నెమ్మదిగా ముంచుకుని వాడుకునేవాళ్లు.

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఇళ్లన్నిటిలో ఇదే పద్ధతి. ఫ్లాటు చూపించే బ్రోకర్లు కూడా వంటగదీ బాల్కనీ చూపించాక, "నీళ్ల దగ్గర కూర్చునేవాళ్లు ఉన్నారా సార్ మీ ఇంట్లో?" అని అడిగేవాళ్లు. లేరంటే, అలాంటివాళ్లున్న ఇంటి పక్క ఫ్లాటు చూపించేవాళ్లు.

మూడో అంతస్తులో నీహారిక, తేజ ఉండేవాళ్లు. పెళ్లయి భీమవరం నుంచి వచ్చిన కొత్తలో నీళ్ల దగ్గర నీహారికే కూర్చునేది. జుట్టు ముడేసుకుని బకెట్ ముందు పీట వాల్చుకుంటే, స్టవ్ మీద పాలు పొంగేలోపు నీళ్లు తేటపడేవి. పక్క ఫ్లాటువాళ్లు కూడా తమ బకెట్ తెచ్చి పక్కన పెట్టి పోయేవాళ్లు.

ఇప్పుడు ఆమె కూర్చుంటే ఉన్న నీళ్లు ఇంకా నల్లబడుతున్నాయి. మొదట రంగు ముదిరింది. తర్వాత పైన జిడ్డు తెట్టు కట్టడం మొదలైంది. ఒకరోజు ఆ తెట్టులోంచి ఎర్రటి సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకొచ్చాయి. నీహారిక ఆ బకెట్ బాత్రూంలో కుమ్మరించి, అక్కడే గోడ పట్టుకుని డోకుకుంది. ఆ తర్వాత మళ్లీ నీళ్ల దగ్గరికి పోలేదు.

తేజ కూర్చునేవాడు. మంచివాడే గానీ, కూర్చున్న మరుక్షణం చెయ్యి ఫోన్ మీదికి పోయేది. నీళ్లు తేరినట్టే తేరి మళ్లీ కలకబారేవి. చివరికి ఇక లాభం లేదని మొదటి అంతస్తులో పుణ్యవతిగారి ఇంటి నుంచి రోజూ రెండు బకెట్లు మోసుకురావడం మొదలుపెట్టాడు.

నీహారిక ఉద్యోగం రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర ఒక అద్దాల టవర్లో. జనం ఫోన్లలో పెట్టే తెలుగు వీడియోల్లో ఎవరూ చూడకూడనివి ఉంటాయి. వాటిని తీసేయాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి. ఆ చూసే మనిషి నీహారిక. కుక్క కాళ్లు కట్టేసి నవ్వేవాళ్లు, మంచంలో ఉన్న ముసలామెను చెంపదెబ్బలు కొట్టి పాట పెట్టేవాళ్లు, ఇంకా చిన్నపిల్లల్ని... అక్కడికొచ్చేసరికి ఆమె ఎవరికి చెబుతున్నా మాట ఆపేసేది. ఒక వీడియో తీసేస్తే ఇంకోటి వచ్చేది. సాయంత్రం దాకా అంతే.

చేరిన ఏడాదికి ఆమెకి మనుషులంటేనే రోత పుట్టింది. మెట్రోలో పక్కన నిలబడ్డవాడి మెడ మీద చెమట చూస్తే, ఈ మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తాడో అనిపించేది. క్యాంటీన్లో సాంబారు మీద కట్టిన మీగడలాంటి పొర, దాన్ని చెంచాతో పక్కకి నెట్టి తినేవాళ్ల పెదాలు, టేబుల్ తుడిచిన గుడ్డ వాసన, అన్నీ కలిసి గొంతు దగ్గర ముద్దలా నిలబడేవి. ఇంటికొస్తే తేజ పప్పన్నం నమిలే చప్పుడు. పాపం అతను నోరు మూసుకునే నమిలేవాడు. అయినా ఆమెకి ఆ చప్పుడు చెవిలో జిగటగా అంటుకునేది. అతను భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు ముడుచుకుపోయేది. తేజ చెయ్యి తీసేసి, ఏమీ జరగనట్టు టీవీ పెట్టుకునేవాడు. అది చూసి ఆమెకి తన మీదే అసహ్యం వేసేది.

ఆఫీసువాళ్లు ఈ పని చేసేవాళ్ల బాధ గుర్తించకపోలేదు. నెలకోసారి ఒక కోచ్‌ని పిలిపించేవాళ్లు. పసుపు రంగు టీషర్టు వేసుకున్న కుర్రవాడు, పేరు భరత్. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి చప్పట్లు కొట్టించేవాడు.

"గైస్, ఇప్పుడు అందరూ పక్కవాళ్ల కళ్లలోకి చూసి, నా లైఫ్ చాలా బ్యూటిఫుల్ అని చెప్పండి. గట్టిగా! పాజిటివ్‌గా అనుకుంటే పాజిటివ్‌గానే జరుగుతుంది!"

నీహారిక పక్కన నిలబడ్డ అమ్మాయి అంతకు పావుగంట ముందు బాత్రూంలో ఏడ్చి వచ్చింది. ఆ అమ్మాయి ఉబ్బిన కళ్లతో నవ్వి, "నా లైఫ్ చాలా బ్యూటిఫుల్" అంది. భరత్ ఆమె చొక్కాకి నవ్వుమొహం బొమ్మ ఒకటి అంటించాడు. నీహారికకి క్యాంటీన్ సాంబారు కన్నా ఆ బొమ్మ చూస్తే ఎక్కువ వికారం పుట్టింది. అంత మురికి మీద అత్తరు చల్లినట్టు అనిపించింది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం తేజ ఫోన్ పట్టుకుని వంటగదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"నీహా! వచ్చింది. మన నంబర్ వచ్చింది."

పిల్లలు పుట్టరని డాక్టర్లు చెప్పాక, ఇద్దరూ కలిసి దత్తతకి దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పటికి నీహారిక ఈ ఉద్యోగంలో చేరలేదు. రెండేళ్లు దాటిపోయేసరికి ఆ సంగతే మర్చిపోయినంత పని చేశారు. ఇప్పుడు ఒక జిల్లా శిశుగృహం నుంచి కబురు. మూడేళ్ల ఆడపిల్ల, పేరు వసంత. ఫోటోలో గుండు చేయించిన తల, ఆ తల మీద తామర మచ్చలు, ఎటో చూస్తున్న కళ్లు. రేపు సాయంత్రంలోగా ఒప్పుకోవాలి. లేకపోతే వరసలో తర్వాత ఉన్నవాళ్లకి వెళుతుంది.

నీహారిక ఫోటో చూసి ఫోన్ తిరిగిచ్చేసింది.

"వద్దు తేజా."

"వద్దా? అదేంటి?"

"ఎక్కడికి తీసుకొస్తాం? ఈ ఊళ్లోకా? ఈ మనుషుల మధ్యకా? నేను రోజూ ఏం చూస్తానో నీకు తెలీదు. పిల్లని బస్సెక్కిస్తే డ్రైవర్ని అనుమానిస్తాను. బడికి పంపిస్తే టీచర్ని అనుమానిస్తాను. నిన్ను..." ఆమె ఆగిపోయింది.

తేజ మొహం పాలిపోయింది. "నన్ను కూడానా?"

నీహారిక సింకు వైపు తిరిగింది. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. మురికి నీళ్లతోనే కడుక్కుని, మళ్లీ కడుక్కుంది.

"నా చేతుల్తో ఆ పిల్లని ముట్టుకుంటే నాకు అసహ్యం వేస్తుందేమో. అది ఆ పిల్లకి తెలిసిపోతుంది. పిల్లలకి తెలుస్తుంది తేజా. ఇంకెవరైనా మంచివాళ్లకి పోనీ."

తేజ రెండు ఖాళీ బకెట్లు తీసుకుని కిందికి దిగిపోయాడు. తిరిగొచ్చి, "పుణ్యవతిగారు నిన్ను ఒకసారి రమ్మన్నారు" అని మాత్రం చెప్పాడు.

పుణ్యవతిగారంటే ఆ బిల్డింగులో అందరికీ అవసరమే గానీ ఎవరికీ ఇష్టం లేదు. కాకినాడలో ప్రభుత్వాసుపత్రి కాలిన గాయాల వార్డులో సిస్టర్‌గా చేసి రిటైరయ్యి, కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది. నోరు తెరిస్తే తిట్లే. నీహారిక వెళ్లేసరికి ఆవిడ కుర్చీలో కాళ్లు చాపుకుని, ముందు మూడు బకెట్లు పెట్టుకుని కూర్చుని ఉంది.

"రా. రెండు బకెట్లు నిండేలోపు మీ ఆయన మీ కాపురం మొత్తం చెప్పేశాడు. నేను అడగలేదు. కూర్చో, అక్కడ కాదు, ఆ కుర్చీ మీద నా మనవడు ఏదో ఒలకబోశాడు, జిగురు. ఛీ. ఈ కొంపలో ఏది ముట్టుకున్నా జిగురే. పై ఫ్లోర్‌వాడు బాల్కనీలోంచి ఉమ్ముతాడు, నిన్న నా చీర మీద పడింది. ఎదురు హోటలువాడు వాడిన నూనె కాలవలో పోస్తాడు. లిఫ్టులో ఎవడో రోజూ ముక్కు చీది గోడకి రాస్తాడు, పట్టుకుంటే వేళ్లు విరగ్గొడతాను. ఈ ఊరు చూస్తే నాకు డోకొస్తుందమ్మాయ్!"

ఆవిడ అలా ఏకరువు పెడుతూనే ఉంది. ఆవిడ కాళ్ల దగ్గర మూడు బకెట్లలో మడ్డి మెల్లగా కిందికి దిగుతూనే ఉంది. చూస్తుండగానే నీళ్లలోంచి బకెట్ అడుగున కంపెనీ పేరు అక్షరాలు కనబడ్డాయి.

నీహారికకి ఆశ్చర్యం నీళ్లు తేరినందుకు కాదు. "ఇంత అసహ్యం పెట్టుకుని ఎలా తేరుస్తున్నారు ఆంటీ? మనసు ప్రశాంతంగా ఉండాలి కదా?"

"ఎవడు చెప్పాడు, ఆ పసుపు చొక్కావాడా? మీ ఆయన వాడి సంగతి కూడా చెప్పాడులే." పుణ్యవతిగారు కుర్చీలో కాస్త ముందుకి జరిగింది. "ఇలా చూడు. ఈ బకెట్లో మడ్డి ఎక్కడికి పోయింది?"

"అడుక్కి."

"పోయిందా, ఉందా?"

"ఉంది."

"ఉంది కదా. నేను వార్డులో చేసినన్నాళ్లూ చూసిందంతా నాలోనూ అలాగే ఉంది. కట్టు విప్పితే చర్మం కట్టుతో పాటే వచ్చేసేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడో మాంసం వండితే వస్తుంది. మొదట్లో నేనూ, గుర్తుకి రాకూడదు, చూడకూడదు, మర్చిపోవాలి అని కొట్టుకున్నాను. చెయ్యి పెట్టి మడ్డిని బయటికి తోడేద్దామని చూశాను. చెయ్యి పెడితే ఏమవుతుంది?"

"కలుస్తుంది."

"అంతే. ఇక చెయ్యి తీసేశాను. అసహ్యం వేస్తుందా, వెయ్యనీ. నువ్వూ కూర్చోవే తల్లీ అని దాన్నీ పక్కన కూర్చోబెట్టుకుంటాను. దానికి ఓపిక తక్కువ. కాసేపు గంతులేసి అదే కింద పడుతుంది." ఆవిడ లేచింది. "పో ఇక, నా సీరియల్ టైమైంది. రేపు నీళ్లు నేనివ్వను. మీ ఆయనకి నడుం పట్టేసింది, నువ్వే చూసుకో."

మర్నాడు నీహారిక ఆఫీసుకి సెలవు పెట్టింది. తేజ టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్లిపోయాడు. కింద ట్యాంకర్ ఖాళీ చేస్తూ పోచయ్య పైకి చూసి కేకేశాడు.

"మేడమ్, ఇయ్యాల నీళ్లు మస్తు గలీజుగున్నయ్. ఎక్కడ నింపుకొచ్చిండో ఏమో. జర సూసి పట్టుకోండ్రి!"

నిజమే చెప్పాడు. కుళాయి తిప్పగానే మురుగు కాలవ మూత తీసినట్టు కంపు కొట్టింది. నీహారిక బకెట్ నింపి, పీట వాల్చుకుని కూర్చుంది. ఎప్పట్లాగే నీళ్లు నల్లబడ్డాయి. తెట్టు కట్టింది. పురుగులు తేలాయి. లేచి పారబోద్దామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

మొదట కుక్క వచ్చింది. కాళ్లు కట్టేసిన కుక్క. అలవాటుగా ఆమె మనసు దాన్ని తోసెయ్యబోయింది. బకెట్లో నురగ లేచింది. ఆమె తొయ్యడం ఆపి, అలాగే చూసింది. దాని కళ్లు, వెనక నుంచి వినిపించే నవ్వు. కడుపులో తిప్పింది. తిప్పనిచ్చింది. కాసేపటికి కుక్క మెల్లగా పల్చబడి కిందికి దిగిపోయింది. ముసలామె వచ్చింది. అదీ దిగింది. తర్వాత పిల్లలు వచ్చారు. నీహారికకి నోట్లో చేదు నీళ్లూరాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే కూర్చుంది. వాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూసింది. ఆఫీసులో ఏ మొహాన్నీ అలా చూసింది లేదు. అక్కడ చూడకుండా ఉండటానికి తంటాలు పడుతూ చూసేది.

ఎండ వంటగది గట్టు మీదికి వచ్చింది. ఎదురు హాస్టల్లో ఎవరో మిక్సీ వేసి ఆపారు. ఆమె లోపల చప్పుడు తగ్గిపోయాక, ఖాళీ అయిన చోట ఒక చిన్న సంగతి తనంతట తనే వచ్చి నిలబడింది.

ఆఫీసులో ఆమె చూసే ప్రతి వీడియోకీ పైన కుడివైపు మూలలో ఒక అంకె ఉంటుంది. ఎంతమంది దాని మీద ఫిర్యాదు చేశారో చెప్పే అంకె. రోజూ ఎదురుగా ఉన్నా ఆమె దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. కుక్క వీడియో మీద వందల్లో ఉంది. ముసలామె మీద అంతకన్నా ఎక్కువ. పిల్లల వీడియోలైతే, కొన్నిటికి పెట్టిన నిమిషాల్లోనే ఫిర్యాదులొచ్చాయి. అసలు ఎవరూ ఫిర్యాదు చేయకపోతే అవి ఆమె దాకా వచ్చేవే కావు. ఎక్కడో బస్టాపులో నిలబడ్డ మనిషి, వంట చేస్తూ ఫోన్ చూసుకుంటున్న మనిషి, తనకి ముక్కూ మొహం తెలియని ఆ కుక్క కోసం, ఆ పిల్ల కోసం కడుపులో తిప్పి, ఇది తప్పు అని వేలు నొక్కారు. మురికి చేసింది ఒక్కడు. ఓర్వలేకపోయింది అంతమంది. మెట్రోలో తన పక్కన చెమట కారుతూ నిలబడ్డవాడు వాళ్లలో ఒకడు కాడని ఎలా చెప్పగలదు?

తనకి ఇన్నాళ్లూ వేసిన అసహ్యం కూడా అదే. చెడిపోయిన మనసుది కాదు. చెడిపోని చోటి నుంచి పుట్టిన అసహ్యం.

ఆమె బకెట్ వంక చూసింది. నీళ్లు తేరి ఉన్నాయి. అడుగున బెత్తెడు నల్లటి మడ్డి, దాని మీద కదలకుండా వెలుగు. చెంబుతో నెమ్మదిగా ముంచి, మొహం కడుక్కుంది. తర్వాత ఫోన్ తీసి తేజకి చేసింది.

"ఒప్పుకున్నామని పంపించెయ్."

"నీహా, నా కోసం అయితే వద్దు. ఆలోచించుకునే చెప్తున్నావా?"

"ఆలోచించడం ఆపేశాకే చెప్తున్నాను. పంపించు. మళ్లీ ఎవరికో వెళ్లిపోతుంది."

"నిన్న అన్నావు కదా, నన్ను కూడా..."

"అన్నాను. తప్పు మాట తేజా. ఇంటికి రా, చెప్తాను."

ఆ సాయంత్రం అతను వచ్చేసరికి ఇంట్లో బకెట్లన్నీ నిండి ఉన్నాయి. తేజ వాటి వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చొక్కా విప్పి స్నానానికి వెళ్లాడు. పప్పన్నం నమిలే చప్పుడు ఆ రాత్రి కూడా జిగటగానే ఉంది. నీహారిక విని, తనూ కలుపుకుని తింది.

కాగితాల పని, కోర్టు పని, అధికారులు ఇంటికొచ్చి చూసిపోవడం, అన్నీ అయ్యేసరికి వర్షాకాలం వచ్చేసింది. ఆమె ఉద్యోగం మానలేదు. భరత్ చప్పట్లు కొట్టించడం కూడా మానలేదు. నీహారిక ఇప్పుడు ఆ గుంపులో నిలబడకుండా, ఏడ్చి వచ్చిన అమ్మాయి పక్కన మెట్ల మీద కూర్చుంటోంది.

వసంతని తెచ్చుకునే రోజున భాస్కర్ అనే డ్రైవర్ క్యాబ్ మాట్లాడుకున్నారు. శిశుగృహంలో ఆయాలు పిల్లకి కొత్త గౌను వేసి, కోడిగుడ్డూ అరటిపండూ తినిపించి, బొట్టు పెట్టి పంపారు. పిల్ల ఏడవలేదు. అసలు నోరే తెరవలేదు. నీహారిక ఒళ్లో కర్రలా బిగుసుకుని కూర్చుని కిటికీలోంచి చూసింది. ముక్కు కారుతోంది. తలకి రాసిన మందు వాసన ఘాటుగా కొడుతోంది. తేజ ముందు సీట్లో కూర్చుని నిమిషానికోసారి వెనక్కి తిరుగుతున్నాడు.

"వసంతా, బిస్కెట్ తింటావా?"

పిల్ల కిటికీ వైపే చూస్తోంది.

రింగ్ రోడ్డు ఎక్కి కొంతదూరం వచ్చాక పిల్ల ఒళ్లు ఒక్కసారి జలదరించింది. గొంతులో చప్పుడైంది. నీహారిక ఏమిటా అని వంగేలోపే పిల్ల బళ్లున కక్కింది. నీహారిక చేతులు వాటంతటవే వెళ్లి ఆ చిన్న గడ్డం కింద దోసిలి పట్టాయి. వేడిగా, పుల్లగా, పచ్చసొన ముద్దలతో దోసిలి నిండి, వేళ్ల సందుల్లోంచి చీర మీదికి కారింది. కారు నిండా కుళ్లిన గుడ్డు వాసన.

"అరే, కవర్ ఉన్నది మేడమ్! బండి పక్కకాపుత!" అంటూ భాస్కర్ కంగారుగా ఇండికేటర్ వేశాడు. తేజ సీట్లోంచి సగం లేచి గుడ్డ కోసం వెతుకుతున్నాడు.

నీహారికకి అసహ్యం వేసింది. కడుపులోంచి లేచి గొంతు దాకా వచ్చింది. ఆమె చేతులు తియ్యలేదు.

పిల్ల తను కక్కినదాని వంక చూడటం లేదు. అప్పటిదాకా కిటికీకి అతుక్కుపోయిన కళ్లు తిప్పి, ఊపిరి బిగబట్టి, మొదటిసారి నీహారిక మొహంలోకి చూస్తోంది. ఎప్పుడు కసురుతారా అని చూస్తున్న చూపు అది. ఆ మొహంలో ఏది కనబడితే అదే తన బతుకు అన్నట్టు చూస్తోంది.

"ఇంకా వచ్చేలా ఉందా అమ్మా?" అని అడిగింది నీహారిక.

వసంత కాసేపు ఆలోచించింది. తర్వాత ఉందన్నట్టు చిన్నగా తలూపింది.

బండి ఆగింది. నీహారిక మోచేత్తో తలుపు తోసి, చేతులు బయట దులిపి, మళ్లీ తెచ్చి ఆ గడ్డం కింద దోసిలి పట్టింది.

"కానియ్ తల్లీ. నేను పట్టుకున్నాను."